ఊరికే ఇచ్చినదానికి సోమవారం గడువు పెట్టారు

ఉప్పుగాలి
శనివారం ఒక్కరోజే రెండు జరిగాయి. దేనికదే అనుకున్నాను. రాత్రి అంట్లు తోముతుంటే రెండూ ఒకటేనేమో అనిపించింది. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటిది. విశాఖలో ఓపెన్ సోర్స్ మీద, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్ మీద, ఆసక్తి ఉన్నవాళ్లు కలుస్తున్నారంటే 900కె బస్సులో రుషికొండ దాకా నిలబడి వెళ్లాను. గుమ్మంలోనే ఒక కుర్రవాడు ఎంతో మర్యాదగా "మీవారు లోపల ఉన్నారా మేడమ్?" అన్నాడు. లోపల ఇంకొకరు కోడ్ రాయడానికి ఏ ఎడిటర్ వాడతారని అడిగారు. చెప్పాను. పక్కాయన నవ్వాడు. తరవాత విమ్ అనే ఎడిటర్‌లోంచి బయటపడటం తెలుసా, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ కెర్నల్‌ను ఎప్పుడైనా సొంతంగా కంపైల్ చేశారా, మీ కీబోర్డుకు ఏ రంగు స్విచ్‌లు... పెళ్లిచూపుల్లో పాట పాడమన్నట్టు ఒకదాని వెంట ఒకటి. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. వాటిలో ఒక్కటి తెలియక నా పని ఏనాడూ ఆగలేదు.

రెండోది. మా నాన్నగారు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ల వ్యాసాలు అను ఫాంట్లలో టైపు చేయించి దాచుకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. వాటిని ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చడానికి ఆరేళ్ల కిందట ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, ఎవరికైనా పనికొస్తుందని ఎంఐటీ లైసెన్స్‌తో బయట పెట్టాను. శనివారం సాయంత్రం ఒక కంపెనీ నుంచి మెయిలు. వాళ్లు అమ్ముకునే సరుకులో నా ప్రోగ్రామ్ రెండేళ్లుగా ఉందట. నాకు అప్పుడే తెలిసింది. "ప్రజలు" అన్న మాట "పజ్రలు" అని వస్తోందట. "మా క్లయింటుకు ఇబ్బందిగా ఉంది. సోమవారం ఉదయం పది గంటలలోపు సరిచేయగలరు." అంతే ఉంది. కింద సంతకం, లోగో, చెట్లను కాపాడటానికి ఈ మెయిలును ముద్రించవద్దన్న విన్నపం.

లైసెన్స్ మార్చాలా, డబ్బు అడగాలా, తాళం వేసి నా దారి నేను చూసుకోవాలా?

కెర్నల్_కామయ్య
ఎంఐటీ పెట్టిన రోజునే ఆలోచించుకోవాల్సింది. "పట్టుకుపొండి, నా పేరు చెరపకండి చాలు" అని చెప్పే కాగితం అది. జీపీఎల్ అనే లైసెన్స్ పెట్టి ఉంటే, దాన్ని కలిపి అమ్మేవాళ్లు తమ కోడ్ కూడా ఇవ్వాల్సి వచ్చేది. ఆ భయంతో మీ వీధిలోకే వచ్చేవాళ్లు కాదు. ఆ జీపీఎల్ రాసిన స్టాల్‌మన్ 1983 నుంచి మొత్తుకుంటున్నది వినకుండా, తలుపు బార్లా తీసిపెట్టి పిల్లి పాలు తాగిందంటే ఎవరిని అనాలి?

మజ్జిగమిరప
తాగితే తాగింది. తాగి, పంచదార తక్కువైంది, సోమవారానికి సరిచేయమంటోంది కదా కామయ్య గారూ ఈ పిల్లి.

ఉప్పుగాలి
మిరప గారు నా నోట్లో మాట లాగేసుకున్నారు. పాలు నేనే పోశాను, అందుకు బాధ లేదు. అదే ఎంఐటీ లైసెన్స్‌లో పెద్ద అక్షరాలతో "ఉన్నది ఉన్నట్టుగా" ఇస్తున్నామనీ, ఏ పూచీ లేదనీ ఉంటుంది. వాళ్లు పైపేరా చదివి కిందికి దిగలేదు.

ఇంగ్లిషువాళ్లకు "ఫ్రీ" అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు, దాన్ని విడదీసి చెప్పడానికి నలభై ఏళ్లుగా ఆపసోపాలు పడుతున్నారు. మనకు స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన సంస్థ హాయిగా "స్వేచ్ఛ" అనే పేరు పెట్టుకుంది. అంత చక్కని మాట చేతిలో ఉండి కూడా మనవాళ్లకు ఎలాగో "ఊడిగం" అనే వినిపిస్తోంది.

గాజువాక_గేరు
నేను అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు. సరుకు లెక్కలు, బిల్లులు అన్నీ ఈఆర్‌పీ నెక్స్ట్ మీద నడుపుతున్నాం. జీపీఎల్ సాఫ్ట్‌వేర్, రూపాయి కట్టలేదు. దాన్ని పెట్టి నడిపిపెట్టే కుర్రవాడికి మాత్రం నెలనెలా ఇస్తాను. మెషీను ఎవరిదైనా మెకానిక్‌కు కూలి ఇవ్వాలి కదా, అలా చూసుకున్నాను. మీ పోస్టు చదివాక, ఆ మెషీను తయారు చేసినవాళ్లు ఎలా బతుకుతున్నారని ఎప్పుడూ అడగలేదే అనిపించింది.

కెర్నల్_కామయ్య
బ్రహ్మాండంగా బతుకుతున్నారు. రెడ్ హ్యాట్‌ను ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఊరికే ఇచ్చే లినక్స్ మీద సేవలు అమ్మిన కంపెనీ అది. దారి ఉంది. మనవాళ్లకు అమ్మడం చేతకాక ఏడుపు.

పదకొండు_పంక్తులు
ఒక్క రెడ్ హ్యాట్‌ను చూపించి అందరికీ దారి ఉందనడం, ఊళ్లో ఒకడికి లాటరీ తగిలిందని అందరినీ టికెట్లు కొనమన్నట్టు ఉంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు తెలిసిన సంగతి: ప్రపంచంలో బ్యాంకుల దగ్గరనుంచి అందరూ తాళంగా వాడుకునే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌కు విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు.

ఉప్పుగాలి గారూ, మీ మెయిలు చదవగానే నాకు ఎక్స్‌జెడ్ గుర్తొచ్చింది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఫైళ్లు కుదించే సాధనం. ఒక్కడే చూసుకునేవాడు. 2022లో ముక్కూమొహం తెలియని కొందరు "ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు" అని వరసపెట్టి రాశారు. ఇది జీతం లేని పని, పైగా నా మనసు కూడా బాగుండటం లేదని ఆయన చెప్పుకున్నాడు. ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చిన ఒకరికి చివరకు సగం పెత్తనం ఇచ్చాడు. ఆ సాయగాడే దొంగదారి తవ్వాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ అర సెకను ఆయనకు అనుమానం రాకపోయి ఉంటే ఎన్ని సర్వర్ల తాళాలు ఊడేవో. "సోమవారం లోపు" అని రాసేవాళ్లు అందరూ దొంగలు కారు. దొంగకు పని సులువు చేసేది మాత్రం ఆ భాషే.

మజ్జిగమిరప
మీ పేరు వెనక కథ ఏమిటి? పదకొండు పంక్తులు ఏవి?

పదకొండు_పంక్తులు
లెఫ్ట్‌ప్యాడ్. మాట ముందు ఖాళీలు నింపే 11 పంక్తుల కోడ్. 2016 మార్చిలో రాసినవాడికి కోపం వచ్చి తీసేస్తే వేలాది ప్రాజెక్టులు కూలబడ్డాయి. నా ఆత్మగౌరవం ఎప్పుడు తగ్గినా ఆ సంఖ్య తలచుకుంటాను.

రాత్రిబడి
అక్కా, కంపెనీ విషయంలో మీరు చెప్పింది నిజం. మొదటి విషయంలో ఒప్పుకోలేను. మాది టెక్కలి వైపు పల్లె. ఇంజనీరింగ్‌కు వచ్చేదాకా సొంత కంప్యూటర్ లేదు. మొదటిసారి అలాంటి సభకు వెళితే నన్నూ అవే అడిగారు. రాత్రంతా హాస్టల్‌లో కూర్చుని నేర్చుకుని, వచ్చే నెల వెళ్లి సమాధానం చెప్పాను. అవమానమని తోచలేదు. మన దగ్గర "భోంచేశారా" అన్నట్టు గీకులకు, అదే కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్లకు, అదే పలకరింపు. "మీవారు" అన్నవాడు మాత్రం తప్పే చేశాడు.

తొమ్మిదివందల_కె
"భోంచేశారా" అంటే భోజనం చేయనివాడిని బయటికి పంపించరు తమ్ముడూ, లోపలికి పిలిచి ఆకు వేస్తారు.

ఉప్పుగాలి
రాత్రిబడీ, నీ మీద కోపం లేదు, నువ్వు మొదటినుంచీ నిజాయితీగా మాట్లాడుతున్నావు. కానీ "రాత్రంతా హాస్టల్‌లో కూర్చుని" అన్నావు చూడు, అక్కడ కాసేపు ఆగు. ఆ రాత్రి నీకు మెస్సులో అన్నం ఎవరో వండారు. పళ్లెం ఎవరో కడిగారు. పొద్దున్నే ఎవరి టిఫిన్ డబ్బా నువ్వు కట్టనక్కర లేదు. పల్లె నుంచి వచ్చి నువ్వు పడిన కష్టం నాకు తెలుసు, నేనూ ప్రభుత్వ బడి పిల్లనే. కానీ నీకు ఒక రాత్రి దొరికింది. ఆ గదిలో అడిగినవన్నీ ఎవరికి ఎన్ని రాత్రులు దొరికాయో తేల్చే ప్రశ్నలు. తెలివికీ వాటికీ సంబంధం తక్కువ.

నా ప్రోగ్రామ్ చరిత్ర తీసి చూడు. మార్పులన్నీ తెల్లవారుజామున 4.40 నుంచి 6 లోపు జరిగినవే. పాల ప్యాకెట్ వచ్చేలోగా ఎంత అయితే అంత. మధ్యలో పద్నాలుగు నెలల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ చూసి ఒకాయన "ఈ ప్రాజెక్టు చచ్చిందా?" అని రాశాడు. చావలేదు నాయనా, పురుడు పోసుకుంది.

అందుకే రెండూ ఒకటేనేమో అన్నాను. పనిని నిజంగా ప్రేమించేవాళ్లు నిద్ర మానుకునైనా చేస్తారని గీకులు నమ్ముతారు. నమ్మి, నిద్ర మానుకోలేనివాళ్లను పరీక్షలో తప్పిస్తారు. అదే నమ్మకాన్ని కంపెనీలు కూడా పుచ్చుకుని, ప్రేమించేవాళ్లు ఎలాగూ చేస్తారు కదా, డబ్బులెందుకని లెక్క వేసుకుంటాయి. మనం గొప్పగా చెప్పుకున్న మాటకే వాళ్లు వెల కట్టారు, సున్నా రూపాయలు.

మార్చి 8న మా ఆఫీసులో, తొలి ప్రోగ్రామర్‌గా చెప్పుకునే ఏడా లవ్‌లేస్ బొమ్మ పెట్టి కేకు కోస్తారు. "ఓపెన్ సోర్స్" అన్న పేరును 1998లో సూచించింది క్రిస్టీన్ పీటర్సన్ అనే ఆవిడ అని ఆ గదిలో అడుగుదామనుకున్నాను. అడిగితే నేనూ పరీక్ష పెట్టినట్టు అవుతుందని మింగేశాను.

కెర్నల్_కామయ్య
కోడ్‌కు ఆడా మగా తెలియదు. బాగుంటే తీసుకుంటారు, లేకపోతే లేదు. ఈ రంగంలో ఉన్నంత సమానత్వం ఇంకెక్కడా లేదు.

సిరిపురం_సిగ్నల్
కోడ్‌కు తెలియదు, చూసేవాళ్లకు తెలుసు. 2017లో పీర్‌జే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అందరూ కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో ఆడవాళ్లు పంపిన మార్పులు 78.6 శాతం ఆమోదం పొందితే, మగవాళ్లవి 74.6 శాతం. మీ మాట నిజమేనని సంబరపడకండి. ప్రాజెక్టుకు కొత్తగా వచ్చినవాళ్లలో, పేరునుబట్టో ఫోటోనుబట్టో ఆడమనిషి అని తెలిసిపోతే ఆమోదం తగ్గింది.

కెర్నల్_కామయ్య
ఎవరో తెలిసిపోయినప్పుడు మగవాళ్లకూ తగ్గిందని అందులోనే ఉంది. నేనూ చదివాను.

సిరిపురం_సిగ్నల్
ఎవరికి ఎక్కువ తగ్గిందో కూడా చదివే ఉంటారు. రాయండి.

తొమ్మిదివందల_కె
కామయ్య గారు భోజనానికి వెళ్లినట్టున్నారు.

దాబాగార్డెన్స్_డీటీపీ
నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదివి పోతుంటాను. అమ్మా ఉప్పుగాలీ, ఆ అను నుంచి యూనికోడ్‌కు మార్చేది మీదేనా? మా షాపులో రోజూ అదే వాడతాం. ఏదో పెద్ద కంపెనీవాళ్లు పెట్టారనుకున్నాను ఇన్నాళ్లూ. మనూరి అమ్మాయి తెల్లవారుజామున లేచి రాసిందని ఎవరు అనుకుంటారు.

పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కవిగారి పుస్తకాలు, అన్నీ అనులోనే. ఇప్పుడు అందరూ ఫోనులో కనబడాలంటారు. హుద్‌హుద్ తుపానులో షాపులోకి నీళ్లు వచ్చి రెండు కంప్యూటర్లు పోయాయి. మిగిలిన సీడీల్లో ఫైళ్లు ఉన్నా, పాత ఫాంటు దొరక్క ఒక పెద్దాయన శతకం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. మీ ప్రోగ్రామ్‌తోనే బయటికి తీశాను. ఆయన అప్పటికి లేరు, వాళ్లబ్బాయి వచ్చి పట్టుకెళ్లాడు. ఇది మీకు తెలియాలని రాశాను.

ఉప్పుగాలి
మీ పోస్టు మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆ శతకం ఛందస్సు చెడకుండా వచ్చిందా అని అడుగుతున్నారు.

దాబాగార్డెన్స్_డీటీపీ
క్రావడి (ర వత్తు) ఉన్న చోటల్లా చేత్తో దిద్దుకున్నాం అని చెప్పండి. యతి ప్రాసలు భద్రంగానే ఉన్నాయి.

రాత్రిబడి
క్రావడికి మాత్రమే ఎందుకు వస్తుంది ఈ బాధ?

ఉప్పుగాలి
పాత ఫాంట్లలో అక్షరాలు చెవికి వినపడే వరసలో ఉండవు, కంటికి కనపడే వరసలో ఉంటాయి. క్రావడిని ఎడమ పక్కనుంచి గీస్తాం కదా, అది ఏ అక్షరానిదో ప్రోగ్రామ్ తేల్చుకోవాలి. కొన్ని ఫైళ్లలో అది అక్షరానికి ముందు ఉంటుంది, కొన్నింటిలో వెనక. తప్పు తేల్చుకుంటే "ప్ర" లోది ఊడివెళ్లి పక్కనున్న "జ" కింద చేరుతుంది. పజ్రలు.

మజ్జిగమిరప
తెలుగు అక్షరాలతో పెట్టుకుంటే అంతే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అని సందేశం పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, గుర్తుందా? ఆపిల్ ఆదరాబాదరా కొత్త వెర్షన్ వదిలింది. జ్ఞానం అందరికీ అరగదు.

కొండమీద_మేనేజరు
తిట్టించుకోవడానికి సిద్ధపడే రాస్తున్నాను. అలాంటి మెయిళ్లు పంపే కంపెనీల్లోనే నా ఉద్యోగం. ఆ మెయిలు రాసినవాడు చాలావరకు ఉద్యోగంలో రెండో ఏడు కుర్రవాడై ఉంటాడు. పైవాడు "ఎప్పటికి అవుతుంది" అంటే ఏదో ఒక తేదీ చెప్పి, దాన్నే మీకు పంపి ఉంటాడు. మీరొక మనిషి అన్న ఊహ కూడా ఉండదు.

లైసెన్స్ మార్చకండి. ఆ పని చేసిన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలను చూశాం. ఎలాస్టిక్ 2021లో మార్చింది, అమెజాన్ పాత కోడ్ పట్టుకుని ఓపెన్‌సెర్చ్ అని వేరు కుంపటి పెట్టింది. హాషీకార్ప్ 2023లో మార్చితే ఓపెన్‌టోఫు పుట్టింది. రెడిస్ 2024లో మార్చి, వాల్కీ అనే పోటీదారును తయారు చేసుకుని, 2025లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌కు తిరిగొచ్చింది. మీరు ఇప్పుడు మార్చినా ఆరేళ్ల పాత కోడ్ ఎంఐటీలోనే ఉంటుంది, వాళ్లు దాన్నే వాడుకుంటారు.

డబ్బు అడగండి. గంటకు ఇంత అనకండి, బేరమాడతారు. ఏడాది మద్దతు ఒప్పందం అనండి. మా వంటి చోట విరాళం అంటే పద్దు ఉండదు, బిల్లు అంటే ఉంటుంది. సేవలకు ఏడాదికి 20 లక్షల లోపు రాబడి అయితే జీఎస్‌టీ నమోదు కూడా అక్కర లేదు, పాన్ ఉంటే చాలు.

సిరిపురం_సిగ్నల్
అంతకంటే ముందు మీ ఆఫీసు నియామక పత్రం తీసి చదవండి. బయట ఆదాయం కూడదనీ, ఉద్యోగంలో ఉండగా రాసినదంతా మాదేననీ చాలామంది పెడతారు. తెల్లవారుజాము 4.40కి రాసినది కూడా.

ఉప్పుగాలి
చదివాను. మొదటిది ఉంది, అనుమతి తీసుకోవాలట. రెండోది "కంపెనీ పనికి సంబంధించినది" అని ఉంది. మా కంపెనీ పనికీ క్రావడికీ ఏ సంబంధం లేదు, దేవుడి దయ.

గాజువాక_గేరు
ఎంత అడుగుతారు?

ఉప్పుగాలి
అక్కడే ఆగిపోయాను. ఆఫీసులో ఇంకొకరి పనికి అంచనాలు రోజూ వేస్తాను, చెయ్యి వణకదు. ఇది నాన్నగారి కోసం రాసుకున్నది. దీనికి అంకె వేయమంటే పండక్కి చేసిన బూరెలకు బిల్లు రాసినట్టు ఉంది.

తొమ్మిదివందల_కె
మన ఊళ్లో అంకెలు వేయడం అంత కష్టమా? రుషికొండ మీద 21.16 ఎకరాలకు 99 పైసలు వేశారు కదా టీసీఎస్‌కు. దానికి పైన ఏదైనా లాభమే.

కెర్నల్_కామయ్య
అలా కంపెనీలు వస్తేనే ఉద్యోగాలు. గూగుల్ డేటా సెంటర్ మీద ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో చెప్పింది, విశాఖకే కదా. మీరు ఎగతాళి చేస్తూ కూర్చోండి.

తొమ్మిదివందల_కె
డేటా సెంటర్‌లో ఎంతమందికి...

వేదిక_కాపలా
భూములు, ఉద్యోగాల లెక్కలకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ క్రావడి గురించి మాట్లాడుకుందాం.

పదకొండు_పంక్తులు
ఇచ్చేవాళ్లు మన దేశంలో మొదలయ్యారు. షేర్ల లావాదేవీలు నడిపే జెరోధా 2024లో ఏటా 10 లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇస్తామని ఒక నిధి పెట్టింది. వాళ్లూ అంతా దానిమీద కట్టుకున్నవాళ్లే కాబట్టి. మీది చిన్నదైనా దరఖాస్తు పెట్టవచ్చు. అంకె వేయడం మాత్రం తప్పదు, అందులోనూ అడుగుతారు.

ఉప్పుగాలి
సోమవారం కబురు. పది గంటలకు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను, ఏదీ సరిచేయలేదు. ఆదివారం రాత్రి నాలుగు వాక్యాలు రాసి పంపాను: ఇది నేను ఇంట్లో రాసుకున్నది, లైసెన్స్‌లో పూచీ లేదు, మీరే సరిచేసి పంపితే సంతోషంగా కలుపుకుంటాను, నన్నే చేయమంటే మా ఆఫీసు అనుమతి వచ్చాక ఏడాది ఒప్పందానికి ఇంత. అంకె వేశాను. ఎంతో ఇక్కడ చెప్పను, కామయ్య గారు తక్కువంటారు, మా అమ్మ ఎక్కువంటుంది.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. మేనేజరు గారు ఊహించింది సగం తప్పు. రాసింది కుర్రవాడు కాదు, అమ్మాయి. తనే ఆ పని మీద శనివారం రాత్రి తొమ్మిదిదాకా ఆఫీసులో ఉందట. క్షమించమంది. అంకె పైకి పంపానంది. పైనుంచి ఇంకా ఏమీ రాలేదు.

కెర్నల్_కామయ్య
రాదు. ఎంత వేశారో కానీ తక్కువే వేసి ఉంటారు.

ఆ పరిశోధన మళ్లీ చదివాను. ఆడవాళ్లకే ఎక్కువ తగ్గింది. రాయమన్నారు కదా, రాశాను.

మజ్జిగమిరప
ఈ రోజు తేదీ ఎవరైనా గోడ మీద రాసుకోండి.

రాత్రిబడి
అక్కా, క్రావడి బగ్ నేను ప్రయత్నించవచ్చా? సెలవుల్లో ఉన్నాను. అను ఫైళ్లు నా దగ్గర లేవు.

ఉప్పుగాలి
చెయ్యి. రెండు రకాల నమూనా ఫైళ్లు పెడతాను. ముందు క్రావడి ఎటు ఉందో కనిపెట్టే పరీక్ష రాయి, తరవాత దిద్దుదాం. రాత్రంతా కూర్చోకు. ఏ ఎడిటర్ వాడతావో నాకు చెప్పనక్కర లేదు.

దాబాగార్డెన్స్_డీటీపీ
ఫైళ్లు కావాలంటే మా షాపుకు రా బాబూ, పాతికేళ్లవి ఉన్నాయి. అమ్మా, నిన్న ఎన్నికల కరపత్రం ఒకటి వచ్చింది, అందులో పదిహేడు చోట్ల "పజ్రలు". నాకేమీ తొందర లేదు. సోమవారానికి అయినా పరవాలేదు.